చంద్రుడి మీద చెత్తగోడ

గోడు చెప్పుకునేవాళ్లు లోకంలో కోకొల్లలు. నెట్టీ ఆర్సెనో మాత్రం తొమ్మిదేళ్లుగా గోడ చెప్పుకుంటోంది. విన్న పెద్దలందరూ వెళ్లి ఆ గోడకే చెప్పుకోమన్నట్టు మొహం పెట్టేవాళ్లు. ఎందుకంటే చంద్రుడి మీద ఆమె కట్టమంటున్నది చెత్తగోడ. ఇది తిట్టు కాదు, ముడిసరుకే చెత్త.

ఆ గోడకి ఆఖరి పరీక్ష జరిగిన రోజున తలుపు తాళాలు నా చేతిలో ఉన్నాయి కాబట్టి ఈ కథ చెప్పే హక్కు నాకుంది. నా పేరు కాజ్ బ్రిడోవ్‌స్కీ. రివర్‌హెడ్‌లో మా నాన్నది కిరాణా కొట్టు, నాది కిరణాల కొట్టు. ఆయన సాసేజులు తూచి ఇచ్చేవాడు, నేను ఇనుప కణాలు లెక్కపెట్టి ఇస్తాను. లాంగ్ ఐలాండ్ పైన్ చెట్ల మధ్య ఉన్న మా ప్రయోగశాలలో ఇనుము పరమాణువుల ఎలక్ట్రాన్లు ఊడబీకి, గుండ్రటి సొరంగంలో వెలుగు వేగానికి కాస్త తక్కువగా పరిగెత్తించి, నేను చూసే హాల్లోకి వదులుతారు. దాన్ని మేము ధార అంటాం. ఎవరి ఉపాయం పనికొస్తుందో తేల్చడానికి ధారే ఆధారం.

ఎక్కడో నక్షత్రాలు పేలినప్పుడు బయల్దేరిన ఇలాంటి కణాలే చంద్రుడి మీద ఎడతెరిపి లేకుండా కురుస్తుంటాయి. భూమికి గాలి దుప్పటి ఉంది, అయస్కాంతం గొడుగు ఉంది. చంద్రుడు అందగాడే గాని ఆచ్ఛాదన లేనివాడు. అక్కడ నెలల తరబడి ఉండే మనిషికి అణువణువునా తూట్లే, ఈ మాట అలంకారానికి వాడటం లేదు. పోనీ పలచటి లోహం అడ్డం పెడదామంటే, వచ్చిన తూటా ఆ లోహాన్ని పగలగొట్టి పది చిల్లర తూటాలు లోపలికి చిమ్ముతుంది. అసలు దెబ్బ కంటే చిల్లర దెబ్బలు ఎక్కువ. హైడ్రోజన్ మాత్రం నమ్మదగ్గది. దాని గుండెలో ఉండేది ఒక్క కణం, పగలడానికి దాని దగ్గర చిల్లరే లేదు. హైడ్రోజన్ దండిగా ఉండేది ప్లాస్టిక్‌లో. వ్యోమగాములు పారేసేది కూడా ఎక్కువగా ప్లాస్టికే.

అందుకని నెట్టీ వాళ్ల చెత్తంతా వేడిచేసి, నొక్కి, పిజ్జా డబ్బా అంత వెడల్పు, రెండు వేళ్ల మందం బిళ్లలు చేసింది. చంద్రుడి మన్ను తవ్వి పైన కప్పే యంత్రం మూడో ప్రయాణంలో గాని వెళ్లదు. మొదటి ప్రయాణంలో వెళ్లే నలుగురు పడుకునే గది చుట్టూ ఈ బిళ్లలు పేర్చుకుంటే నాలుగు నెలలు ఉండవచ్చు. లేకపోతే పన్నెండో రోజున మూటాముల్లె సర్దుకోవాలి. షరతు ఒక్కటే. అదే బరువున్న అల్యూమినియం పలక కంటే ఆమె బిళ్ల కనీసం పదిహేను శాతం ఎక్కువగా కిరణాలను ఆపాలి. రెండుసార్లు వచ్చి పది దాటలేక వెళ్లింది. ఈసారి కూడా దాటకపోతే బిళ్ల పేరు ప్రణాళికలోంచి కొట్టేస్తామని ముందే ఉత్తరం రాశారు.

ఫిబ్రవరి, బయట మోకాలి లోతు మంచు. పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ధార ఆమెది. హ్యూస్టన్ అంతరిక్ష కేంద్రం నుంచి ఆమెతో ఇద్దరు వచ్చారు. ఒకరు సమీక్ష కమిటీ తరఫున హోరేస్ టిబ్బెట్స్ గారు. నిబంధనల పుస్తకం చంకలో, నిబంధన నాలుక చివర. దిబ్బలంటే ఈ టిబ్బెట్స్‌కి గిట్టదు, ఆయన కూర్చునే కుర్చీని కూడా రుమాలుతో తుడుచుకుంటాడు. రెండో మనిషి వెండెల్ టటిల్, ఓక్లహోమా వాడు, అంతరిక్ష స్టేషన్‌లో రెండు వందల రోజులు తేలివచ్చిన మాజీ నావికాదళ పైలట్. ఆ మొదటి నలుగురిలో ఒకడు. తన పడకగది గోడ తనే చూసుకుంటానని వచ్చాడు.

పదకొండున్నరకి అంకె వచ్చింది. తొమ్మిది పాయింట్ నాలుగు.

నెట్టీ తెర వంక చూసి, కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ చూసింది. అంకెకి మొహమాటం లేదు, మారలేదు.

"ఇంకో మాటు ధార కొట్టమంటావా?" అన్నాను.

"ఎందుకులే కాజ్. పోయినసారీ ఇదే, అంతకుముందూ ఇదే. అది అబద్ధం చెప్పట్లేదు."

టిబ్బెట్స్ గారు కాగితం మీద తేదీ వేస్తూ, "విచారంగానే ఉందమ్మా," అన్నాడు. విచారం ఆయన దగ్గర ఫారంలో ఒక గడిలా ఉంటుంది, నింపేసి ముందుకు వెళతాడు.

భోజనాలకి నేను తెచ్చిన కీల్బాసా సాసేజి, బన్నులు బల్ల మీద పెట్టాను. నెట్టీ ముట్టుకోలేదు. ముట్టుకున్నదంతా వెండెలే. తింటూ తింటూ, బిళ్లలో ఏమేం కలిపారో రాసి ఉన్న కాగితం తీసి హోటల్ మెనూలా చదవడం మొదలెట్టాడు.

"ఆహారం సంచులు ఇరవై తొమ్మిది శాతం. తడి రుమాళ్లు పదకొండు. బనీన్లు, సాక్సులు పదిహేను. టేపు నాలుగు..." ఆగి తల ఎత్తాడు. "ఇది ఎవరింటి చెత్త నెట్టీ?"

"కమిటీది. అందరూ ఒకే రకం చెత్త మీద పరీక్షలు చెయ్యాలని వాళ్లే ప్రమాణం రాసిచ్చారు."

"అదే అనుకున్నా. ఇంత బుద్ధిగా ఉందేంటా అని. నురుగు అట్టలేవీ?"

"ఏ నురుగు?"

"సరుకుల పెట్టెల్లో దట్టిస్తారు చూడు, మెత్తటి తెల్లటి ప్లాస్టిక్. మా స్టేషన్‌కి ఓడ వచ్చిందంటే వారం పాటు దాంట్లో ఈదేవాళ్లం. నా స్లీపింగ్ బ్యాగు పక్కన ఓ కొండ ఉండేది. కెమెరా ఒకటి వస్తే దాని చుట్టూ కెమెరాకి మూడింతలు నురుగు. అసలు మేం పారేసే వాటిలో దానికి సాటి ఏదీ లేదు."

నెట్టీ కాగితం లాక్కుంది. రెండువైపులా చూసింది. "లేదు," అంది. "తొమ్మిదేళ్లుగా ఇదే కాగితం వెండెల్. ఒక్కరోజు కూడా అడగలేదు నేను. సిగ్గు లేకుండా వాళ్ల కాగితాన్ని గోడకి అతికించుకుని పనిచేశాను."

"అడిగినా లాభం ఉండేది కాదు," అన్నాడు టిబ్బెట్స్ గారు. "అది ప్యాకింగు. ప్యాకింగు సరుకుల శాఖ కిందికి వస్తుంది. ఈ జాబితా వ్యర్థాల శాఖది."

"సరుకు దించాక దాన్ని ఏం చేస్తారు సార్?" అని అడిగాను.

"పారేస్తారు."

"పారేసిన తర్వాత అది ఏ శాఖ?"

ఆయన చంకలోని పుస్తకం తెరిచాడు. పుస్తకాలు రాసేవాళ్లు చేసే పొరపాటు ఇది, చెత్త మోసేవాడెవడూ చెయ్యడు. పెట్టె విప్పే దాకా నురుగు సరుకుల శాఖ బిడ్డ. విప్పాక వాళ్లు చేతులు దులుపుకుంటారు. వ్యర్థాల శాఖ వాళ్లకి దత్తపత్రం అందలేదు. మధ్యలో ఒక మహా నురుగుకొండ అనాథలా తొమ్మిదేళ్లు తేలుతూ ఉండిపోయింది.

"నురుగు అంటే పాలిథీన్," అంది నెట్టీ, తనలో తను. "పాలిథీన్ అంటే హైడ్రోజన్ మూట. దేవుడా, నేను లోహపు రేకు అద్దిన ఆహారం సంచులు నొక్కుకుంటూ కూర్చున్నాను."

"ఇప్పుడు నురుగు ఎక్కణ్ణుంచి తెస్తావమ్మా," అన్నాడు టిబ్బెట్స్ గారు. "అంతరిక్షానికి పంపే రకమే కావాలి, ధ్రువపత్రంతో సహా. ఫర్నిచరు కొట్టు నురుగు చెల్లదు."

వెండెల్ నమలడం ఆపాడు. తను కూర్చున్న దాని వంక చూసుకున్నాడు. మేమూ చూశాం. కుర్చీలు మూడే ఉన్నాయని వాడు, పొద్దున్న నెట్టీ కొలత పరికరాలు వచ్చిన పెట్టెలోంచి తీసి పక్కన పడేసిన అట్టల మీద కూర్చున్నాడు. ఆ పరికరాలు చంద్రుడికి వెళ్లే రకం, వాటిని సర్దింది సరుకుల శాఖే. తెల్లటి నురుగు అట్టలు, ఒక్కోదానికీ పసుపు చీటీ, చీటీ మీద ముద్ర.

"లే వెండెల్," అంది నెట్టీ. "నీ సింహాసనం నాకు కావాలి."

"సార్, మీరు ఒప్పుకుంటే," అన్నాను టిబ్బెట్స్ గారితో.

ఆయన ఒప్పుకునే ముందు పావుగంట పుస్తకంతో కుస్తీ పట్టాడు. ఈ మనిషి ఇప్పుడు అడ్డుపుల్ల వేస్తాడనే నేను అనుకున్నాను, నా మనసులో ఆయన్ని చాలా పేర్లు పెట్టి పిలిచాను కూడా. కాని ఆయన సరుకుల శాఖ పుస్తకం వెతికి, నాలుగు నెలల సామానుకి నురుగు ఎంత బరువు తూగుతుందో తీసి, మొత్తం చెత్తలో భాగం కట్టాడు. ముప్పై ఒకటి శాతం.

"ముప్పై ఒకటి. ముప్పై రెండు వేస్తే సంతకం పెట్టను, ముప్పై వేసినా పెట్టను," అన్నాడు. "కాని ఇది వాళ్లు నిజంగా పారేసే చెత్తే. దీన్ని వదిలేసి ఉత్తరం రాసింది నేను. ప్రమాణం తప్పయితే దిద్దాలి, అది కూడా నిబంధనే."

బిళ్లలు చేసే యంత్రం రొట్టెల పొయ్యి అంత ఉంటుంది. టిబ్బెట్స్ గారికి చూపించడానికని నెట్టీ వ్యానులో తెచ్చింది. ఒంటిగంటకి అందులో కమిటీ చెత్త, వెండెల్ సింహాసనం కలిపి పెట్టింది. చంద్రుడి మీద గోడ కట్టబోయే యంత్రానికి మా కాఫీ యంత్రం ప్లగ్గు ఊడదీసి ఇవ్వాల్సి వచ్చింది. గదంతా కాలిన మిరపకాయ చారు, మాడిన సాక్సు కలిసిన వాసన. వెండెల్ ఒక్కడే గట్టిగా పీల్చి, "ఇంటికొచ్చినట్టుంది," అన్నాడు.

రెండున్నరకి బిళ్ల బయటికి వచ్చింది, పెనం మీది రొట్టెలా కాలుతూ. వేడి బిళ్లని ధార ముందు పెట్టకూడదు, కొలతలు అటూ ఇటూ అవుతాయి. చల్లారడానికి గంట పడుతుందని నెట్టీ వాచీ చూసుకుంది. నేను బిళ్లని సంచిలో కట్టి, వెనక తలుపు తీసి, మంచులో పాతేశాను. ఇరవై నిమిషాల్లో తవ్వి తీశాను.

"పూర్తిగా తుడవండి," అన్నాడు టిబ్బెట్స్ గారు. "మంచులోనూ హైడ్రోజన్ ఉంది. ఒక్క చుక్క మిగిలినా ఆ పుణ్యం మంచుది, బిళ్లది కాదు." అని తన రుమాలు, కుర్చీలు తుడుచుకునే రుమాలు, తీసి హాల్లోకి వచ్చి ఆయనే తుడిచాడు. ఆ తర్వాత రుమాలు ఏ రంగులో ఉందో నేను చెప్పదలచుకోలేదు.

బిళ్లని హాల్లో బల్ల మీద నిలబెట్టి, ఎర్రటి లేజరు గీతలకి సరిపెట్టాక నా సోదా మొదలైంది. ధార వదిలే ముందు హాల్లో నరమానవుడు ఉండకూడదు. లోపలికి వెళ్లే ప్రతివాడూ తలుపు దగ్గరి బోర్డు మీంచి ఒక తాళంచెవి తీసుకుని వెళ్లాలి, వచ్చాక తగిలించాలి. నేను మూలమూలా తిరిగి బొత్తాలు నొక్కుకుంటూ రావాలి. సోదాలో సోది పనికిరాదు కాబట్టి నాకు నోరు మూసుకుని పనిచెయ్యడం వచ్చినది అక్కడొక్కచోటే.

బయటికి వచ్చి బోర్డు చూశాను. ఎనిమిది కొక్కేలు, ఏడు తాళంచెవులు.

కంట్రోలు గది నుంచి మైకులో మేవిస్ గొంతు వినిపించింది. సొరంగం నడిపేది మేవిస్, నోరు కూడా సొరంగమంత. "కాజ్, మూడుంబావు అయింది. ధార సిద్ధంగా ఉంది. లోపల నిద్రపోయావా?"

"ఒక తాళం తప్పింది మేవిస్."

"నువ్వు పాడితే తప్పకేం చేస్తుంది. ఎవరి దగ్గరుంది?"

"అదే వెతుకుతున్నాం."

నెట్టీ జేబులు తిరగేసింది. వెండెల్ తన ప్యాంటుకున్న పద్నాలుగు జేబులూ విప్పాడు. ఒకదాంట్లోంచి సగం బన్ను దొరికింది. నిమిషాలు కరిగిపోతున్నాయి. నెట్టీ నా మొహం వంక చూసింది. అడగలేదు. అడిగినా నేను ధార ఇవ్వలేనని ఆమెకి తెలుసు. ఎనిమిదో తాళంచెవి దొరికే దాకా, ప్రపంచంలో ఎవరి తొమ్మిదేళ్లయినా సరే, ఆ ధార కదలదు.

"అందరూ జేబులే చూస్తున్నారు గాని," అన్నాడు టిబ్బెట్స్ గారు, "క్రమశిక్షణ ఉంటే ఈ..." అని కోటు జేబులో చెయ్యి పెట్టి ఆగిపోయాడు. బయటికి తీస్తే, ఎర్ర బిళ్ల కట్టిన ఎనిమిదో తాళంచెవి. బిళ్ల తుడవడానికి లోపలికి వచ్చి, రుమాలుతో పాటు దాన్నీ మడిచి భద్రంగా లోపల పెట్టుకున్నాడు.

ఆయన చెవులు తాళంచెవి బిళ్లకంటే ఎర్రబడ్డాయి. ఎవరూ నవ్వలేదు. నాకు కనీసం ఆరు ఛలోక్తులు తోచాయి, ఆరూ మింగాను. కడుపు ఉబ్బిందనుకోండి, అది వేరే సంగతి. సోదా మొదటినుంచి మళ్లీ చెయ్యాలి, చేశాను. మూడు ఇరవై ఎనిమిదికి తలుపు మూసి, మేవిస్‌కి సరే అన్నాను.

ఒక్కో కొలతకి పావుగంట. మూడు కొలతలు కలిస్తేనే లెక్కలోకి వస్తాయి. ధార మొదలైతే హాల్లో వినబడేదీ కనబడేదీ ఏమీ ఉండదు. తెర మీద గీత ఒకటి పాకుతుంది, అంతే. నెట్టీ కూర్చోలేదు. గోడకి వీపు ఆనించి నిలబడి ఆ గీతనే చూస్తోంది.

మూడు నలభై మూడుకి మొదటి అంకె పడింది. ఇరవై రెండు పాయింట్ ఒకటి.

వెండెల్ నెమ్మదిగా టోపీ తీశాడు. నెట్టీ వేళ్లు మడిచి మళ్లీ విప్పింది, లెక్క తప్పానేమోనన్నట్టు.

"ఒకటి వస్తే చాలదు," అంది. "మిగతా రెండూ కావాలి."

నాలుగు గంటలకి రెండోది. ఇరవై ఒకటి పాయింట్ తొమ్మిది. అప్పుడే వెనక తలుపు తోసుకుని తర్వాతి జట్టు వచ్చేసింది, భుజాల మీద మంచు దులుపుకుంటూ. కెనడాలోని మానిటోబా నుంచి వచ్చిన ఏడుగురు, డబ్బా నిండా డోనట్లు. ధార వాళ్లది అయిపోయింది. మా దగ్గర ధారకున్న గంటలు ఎంత ఖచ్చితమంటే పెళ్లి ముహూర్తాలు కూడా వాటి ముందు బలాదూర్. మూడో కొలత లేకుండా నెట్టీ దగ్గర ఉన్నవి రెండు అందమైన అంకెలు మాత్రమే.

ఆమె కదలబోయేలోగా టిబ్బెట్స్ గారు కదిలాడు. కోటు గుండీలు పెట్టుకుని, ఆ జట్టు నాయకురాలి ముందు నిలబడ్డాడు. ఆమె పేరు అన్నెకె ఫెర్, మూసిన గుమ్మంలా ఉంటుంది, ఎవరూ దాటలేరు.

"అమ్మా, నా పేరు హోరేస్ టిబ్బెట్స్. ఈరోజు ఈవిడ సమయంలో పదమూడు నిమిషాలు నా జేబులో పోయాయి. తప్పు పూర్తిగా నాది. పదిహేను నిమిషాలు ఇస్తే తీసుకుంటాం. ఇవ్వకపోతే మిమ్మల్ని అనడానికి నాకు ఏ నిబంధనా లేదు."

అన్నెకె ఆయన భుజం మీదుగా తెరని చూసింది. "ఆ అంకె దేనిది?"

"చెత్తది," అంది నెట్టీ.

"ఇరవై రెండా? చెత్తకా?" అన్నెకె డోనట్ల డబ్బా బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని, తెరకి ఎదురుగా కూర్చుంది. "కొట్టండి. నేనూ చూడాలి."

మేవిస్ మైకులో, "కాజ్, ఎవరైనా తాళంచెవి మింగలేదు కదా," అని ధార వదిలింది.

ఆ పావుగంట పదకొండుమందిమి ఒకే గీత వంక చూస్తూ ఉండిపోయాం. డోనట్ల డబ్బా ఎవరూ తెరవలేదు, నా ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో అలాంటి వింత నేను చూడలేదు. గీత చివరికి వచ్చింది. ఇరవై రెండు పాయింట్ మూడు.

మైకు ఆపడం మరిచిపోయినట్టుంది మేవిస్, కంట్రోలు గదిలో చప్పట్లు మా గదంతా మోగాయి. మానిటోబా వాళ్లు బల్లలు కొట్టారు. నెట్టీ నవ్వింది. చిన్నగా మొదలై, ఆగక, చివరికి నా భుజం పట్టుకుని వంగిపోయేంత నవ్వు. తొమ్మిదేళ్లది ఒకేసారి వచ్చింది, ఎక్కడ పట్టిందో.

ఆమె హ్యూస్టన్‌కి ఫోను కలిపింది. అవతల ఎవరో ఎన్ని రోజులని రాయమంటారని అడిగారు. ఆమె ఫోను టిబ్బెట్స్ గారి చేతికిచ్చింది.

"నూట ఇరవై," అన్నాడాయన. "అవును, పన్నెండు పక్కన సున్నా. అలాగే ఆ ఉత్తరం నా పేరుతో రద్దు చెయ్యండి."

నేను హాల్లోంచి తెచ్చిన ఆ బిళ్లని వెండెల్ ఇంకా వెచ్చగా ఉన్నట్టు రెండు చేతులతో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు. "నా గది చుట్టూ ఎన్ని కావాలి నెట్టీ?"

"మూడు వందల ఎనభై."

"నలుగురం కలిసి అంత చెత్త చెయ్యగలమంటావా?"

నెట్టీ బల్ల వంక చూసింది. వాడు కూర్చున్న మేర సాసేజి తొక్కలు, బన్ను పొడి, ఆరు కాగితం రుమాళ్లు, మూడు ఆవాల ముద్ద పొట్లాలు.

"మిగతా ముగ్గురి సంగతి నాకు తెలీదు గాని," అంది, "నీ గురించి నాకే బెంగా లేదు."